తడి సున్నం మీద చైనా గోరింక

అరకులో ఇప్పుడు కాఫీ అమ్మే కొట్లన్నీ గోడలకు బొమ్మలు వేయించుకుంటున్నాయి. వేసే పిల్లలు ఒక చేత్తో ఫోను పట్టుకుని, అందులో బొమ్మ చూస్తూ రెండో చేత్తో గోడ మీదకు దించుతున్నారు. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు నేను నిలబడి చూస్తాను. "తాతగారూ, మీరు కూడా వేసేవారట గదా, ఎలా వేసేవారు?" అని అడుగుతారు. రోడ్డు మీద నిలబడి చెప్పగలిగే జవాబు కాదది. అందుకని రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఏ ఆర్టు కాలేజీ గుమ్మమూ ఎక్కలేదు. ఎనిమిదో తరగతి దగ్గర చదువు ఆగింది. శృంగవరపుకోట దగ్గర లారీ బాడీలు కట్టే షెడ్డులో తామరపువ్వులూ హంసలూ వేయడం నేర్చుకున్నాను. ఆ పైన వచ్చిందంతా చూసి, చెడగొట్టి, మళ్లీ చూసి నేర్చుకున్నదే. కాలేజీలో చదివినవాళ్లు నన్ను "వాల్ రైటర్" అని పక్కన పెట్టినప్పుడు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఈ రాతలో అక్కడక్కడా ఆ మంట తగిలితే సర్దుకోండి.

బొమ్మలో ఆవిడ ఎవరు?

తొంభైల మొదట్లో పాడేరులో ఒక సర్కారు ఆఫీసులో రోజుకూలీ ఆర్టిస్టుగా కుదిరాను. దోమతెరలు కట్టుకోండి, నీళ్లు కాచి తాగండి, పిల్లల్ని బడికి పంపండి. ఊరూరా గోడల మీద ఇవి రాయాలి, పక్కన బొమ్మ వేయాలి. బ్రష్షులూ పొడి రంగుల డబ్బాలూ గోనెసంచిలో వేసుకుని జీపు ఎక్కడం, జీపు ఆగిపోయిన చోటు నుంచి నడవడం. చేరగానే వాళ్లు చేసిపెట్టిన అంబలి తాగి గోడకు సున్నం కొట్టడం. ఉద్యోగమంటే ఇదీ.

మొదటి ఏడాదే ఒక పాఠం అయింది. గూడెం కొత్తవీధి వైపు ఒక గూడెంలో, కడుపుతో ఉన్న ఆడమనిషి మాత్ర వేసుకుంటున్నట్టు బొమ్మ వేశాను. ముఖం, చీర కుచ్చిళ్లు, జడ, అన్నీ షెడ్డులో నేర్చుకున్న పద్ధతిలోనే ముచ్చటగా దిద్దాను. కొన్నాళ్ల తరవాత నర్సమ్మ వెళ్లి మాత్రలు ఇస్తే ఒక్కరూ పుచ్చుకోలేదు. ఎందుకమ్మా అని అడిగితే ఒక ముసలమ్మ నా బొమ్మ చూపించి, "ఆవిడ కిందూరావిడ గదా. ఆ మందు ఆలకే. మాకేటికి?" అందట. కిందూరంటే మైదానం.

నర్సమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఎక్కడో నేర్చుకున్న చెయ్యిని మరో చోటికి ఉన్నదున్నట్టు మోసుకుపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. మళ్లీ వెళ్లి ఆ మనిషికి చీర మోకాళ్ల మీదకు కట్టాను, ముక్కుకు రెండు వైపులా పుడకలు పెట్టాను. అప్పుడు బొమ్మ కాస్త అక్కడిదైంది. పూర్తిగా కాలేదు. ఆ మిగిలినదేమిటో వెతకడంలోనే నా మిగతా ఉద్యోగమంతా గడిచింది.

వంతల దాసు నాకు ఆ గూడెంలోనే దొరికాడు. అప్పటికి ముప్పై దాటినవాడు. నాలుగు కాఫీ మొక్కలు, రాగులు, అదే చోళ్లు, పండే కొంచెం పొలం, మార్తమ్మ అనే గట్టి నోరున్న భార్య. వాళ్ల చర్చి గోడ మీద సిలువ చుట్టూ అతను వేసిన తీగ చూశాను. ఆకు ఒక్కో కుంచె వేటులో పడింది, రెండోసారి దిద్దిన జాడ లేదు. నాతో పనికి వస్తావా అని అడిగాను. "అచ్చరాలు కూడా రాత్తాను మేష్టారూ," అన్నాడు. రాశాడు. నాకంటే తిన్నగా రాశాడు.

బండి మీద దొరికిన పుస్తకం

విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాల బండి ఒకటి ఉండేది. రంగులు కొనడానికి వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగేవాణ్ని. ఒకసారి అట్ట ఊడిపోయిన పెద్ద బొమ్మల పుస్తకం దొరికింది. చైనావాళ్లు వేసిన పిట్టలూ పువ్వులూ. పక్కన వాళ్ల రాత, కింద చిన్నగా ఇంగ్లీషు.

పాడేరు వచ్చి దాసుకు చూపించాను. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగిపోయాడు.

"ఇది మన గోరింకే గదా మేష్టారూ! సీనా ఎప్పుడెల్లిపోనాది?"

"మనది కాదురా. ముక్కు మీద కుచ్చు చూడు. మన కొండగోరింకకు కుచ్చు ఉండదు, చెవుల దగ్గర పసుపు తోలు ఉంటుంది."

"అయితే దీనికి సుట్టం," అన్నాడు. అక్కణ్నుంచి మా ఇద్దరికీ ఆ పుస్తకం పిచ్చి పట్టుకుంది.

ఇంగ్లీషు ముక్కలు డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కున్నాను. తెలిసిందేమిటంటే, వాళ్లకు పూర్వం నుంచీ ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, సన్నటి గీతతో పిట్ట అంచంతా గీసుకుని లోపల పలచటి రంగు పొర మీద పొర వేయడం. ఈకకు ఈక లెక్క. దీనికి కాగితానికి ముందే పటిక నీళ్లు, బంక పట్టించాలి, లేకపోతే రంగు పాకిపోతుంది. రెండోది, గీత అన్నదే లేకుండా తడి రంగుతో నేరుగా పిట్టను దించేయడం. అలాంటి బొమ్మకు ఎముకలు లేవని వాళ్లంటారట. ఆ మాట చదివి దాసూ నేనూ ఎంతసేపు మాట్లాడుకున్నామో! ఎముక లేని పిట్ట కొమ్మ మీద ఎలా నిలబడింది? దగ్గరగా చూస్తే తెలిసింది. నిలబెట్టింది కుంచె వేటు. ముదురు రంగు కొసన, లేత రంగు కడుపులో నింపుకున్న కుంచె ఒక్కసారి వాలితే వెలుగూ నీడా రెండూ దానిలోనే వచ్చేస్తాయి. ఇది నాకు కొత్త కాదు! లారీ తలుపు మీద గులాబి రేకు వేసేది ఇలాగే, ఒకే బ్రష్షుకు ఎరుపూ తెలుపూ అద్ది. వాళ్లది పట్టు, మాది ఇనపరేకు.

అసలు విడ్డూరం పుస్తకం రెండో సగంలో ఉంది. పోయిన శతాబ్దంలో ఆ దేశం నుంచి కొందరు చిత్రకారులు జపానుకూ ఐరోపాకూ వెళ్లి చదువుకున్నారు. ప్రాణంతో ఉన్న పిట్టను ఎదురుగా పెట్టుకుని గీయడం, వెలుగు ఒక పక్క నుంచి పడినట్టు చూపించడం, వెనకాల మంచునూ వాననూ తడి పూతతో తేవడం నేర్చుకొచ్చారు. వచ్చి తమ పాత కుంచెతోనే, తమ పాత కాగితం మీదే వాటిని పెట్టారు. మళ్లీ వాళ్ల సొంత పోకడ ఒకటి ఉంది: రంగు తడిగా ఉండగానే దాంట్లో నీటి చుక్కో తెల్లపొడి చుక్కో వదులుతారు. రంగు పక్కకు జరిగి అంచున గట్టు కడుతుంది, మధ్యలో వెలుగు పుడుతుంది. ఆకు మీద ఎండ పడ్డట్టే ఉంటుంది.

మరి అక్కడ పెద్దలు ఊరుకున్నారా? పాతవాళ్లు "కల్తీ" అన్నారట. కొత్తవాళ్లు "ఇంకా ఆ పాత పిట్టలేనా" అన్నారట. చదివి ఎంత తృప్తి పడ్డానో! మా ఆఫీసులో ఉన్నవాళ్లలాంటివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ పుస్తకంలో అన్నీ కుదిరిన బొమ్మలు కావు. కొన్నింట్లో సన్నగీత పిట్టకు ఫొటోలో ఉన్నట్టు నీడలు దిద్దారు. ఆ పిట్టలు గడ్డి కూరి నిలబెట్టిన బొమ్మల్లా ఉన్నాయి. గీత ఒక మాట చెబుతుంటే నీడ ఇంకో మాట చెబుతోంది. మంచివాళ్లు నీడ తెచ్చుకున్న చోట గీతను తగ్గించారు, గీత ఉంచుకున్న చోట నీడను వదిలేశారు. ఫోనులో బొమ్మలు చూసి నాలుగు దేశాల పద్ధతులు ఒకే గోడ మీద కుమ్మరించే పిల్లలు ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకుంటే నాకు చాలు.

పటిక, తపసి బంక, మా పెద్దసారు

చూసినంత తేలిక కాదు చెయ్యడం. వాళ్ల కాగితం మాకెక్కడిది? డ్రాయింగు కాగితానికి పటిక నీళ్లు పట్టిద్దామన్నాను. పటిక సంతలో దొరుకుతుంది. బంకకు మాత్రం దాసు, "ఇక్కడ బంకకేటి తక్కువ?" అని అడవిలోంచి తపసి బంక తెచ్చాడు. కొండవాళ్లు చెట్టు నుంచి తీసి అమ్మే బంక అది. నానబెడితే ఉబ్బి జావలా అయింది కానీ పూర్తిగా కరగలేదు. పటికతో కలిపి పట్టించాం, ఎండబెట్టాం, బొమ్మలు వేశాం. భలేగా వచ్చాయి. వానలు మొదలయ్యేసరికి కాగితం మీద నుంచి పిట్టలన్నీ పొరలు పొరలుగా, కాలిన చర్మం లేచినట్టు లేచిపోయాయి.

దాసు ఒక పొర చేత్తో ఎత్తి పట్టుకుని, "ఎగిరిపోనాయి మేష్టారూ. నిజిం పిట్టలే," అన్నాడు.

దారి చూపించింది గోడే. అరకులో ఒక సర్కారు బసకు లోపలి గోడ మీద "ఏదైనా మంచి సీనరీ" వేయమని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. సున్నం కొట్టి ఇంకా ఆరకముందే దాసు తొందరపడి బ్రష్షు పెట్టాడు. కేక వేయబోయి ఆగిపోయాను. మసి రంగు తడి సున్నంలోకి మెత్తగా పాకి, చైనావాళ్లు పటిక పట్టించని పచ్చి కాగితం మీద తెచ్చే అంచులాంటిది వచ్చింది. సున్నం ఆరాక అది గోడలో కలిసిపోయింది, తడిగుడ్డతో తుడిచినా చెదరలేదు. ఒకసారి పెట్టిన వేటు వెనక్కి రాదు, దిద్దుదామంటే మరక. అచ్చం వాళ్ల పద్ధతే. మాకు కాగితం ఎందుకు? కొండంత గోడ ఉంటేను!

అక్కణ్నుంచి మా ఇద్దరి పని ఒక తీరుకొచ్చింది. మసితో గోరింక ఒళ్లు, గీత లేకుండా. కాఫీ కొమ్మకు ఆకుపచ్చ, దాంట్లో సున్నపుతేట చుక్కలు. కాఫీ పువ్వు తెల్లన, గోడా తెల్లన. తెలుపు మీద తెలుపు ఎలా వేస్తావు? పువ్వును వేయకూడదు. చుట్టూ ఆకుల్ని ముదురుగా వేసి, పువ్వంత మేర గోడను వదిలేయాలి. ఇది ఆ పుస్తకమే నేర్పింది. వెలుగు మాత్రం మా కిటికీలోంచి వచ్చే వైపు నుంచే.

పెద్దసారు, అంటే మా ఆఫీసరు, వచ్చి చూశాడు. ఆయన ముఖం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

"ఏమయ్యా, సగం గోడ ఖాళీగా వదిలేశావు. రంగు అయిపోయిందా?"

"అది ఆకాశం సార్."

"ఆకాశం నీలంగా ఉంటుందయ్యా. ఇదేం స్టైలు?"

"చైనా పద్ధతి సార్, మన సున్నం మీద."

"మన దేశంలో బొమ్మలు కరువయ్యాయా?" అంటూ వెళ్లిపోయాడు. ఆ మర్నాడే ఆయన తన బల్ల మీద స్విట్జర్లాండు మంచుకొండల కేలండరు పెట్టుకున్నాడు. అది ఏ దేశానిదో ఆయన్ను అడిగినవాడు లేడు.

దాసు పెట్టిన ముద్ర

ఇంట్లో సాధన చేసుకుంటానని దాసు పుస్తకం అడిగి తీసుకెళ్లాడు. కొన్నాళ్లకు తను వేసిన కాగితాలు తెచ్చి చూపించాడు. వాటిలో ఒక గోరింక బొమ్మకు కింద మూల ఎర్రటి వేలిముద్ర ఉంది.

"ఇదేంట్రా?"

"ఆల్ల బొమ్మలకి మూల ఎర్ర ముద్ర ఉంది గదా మేష్టారూ. మనకి ముద్దరంటే ఏలే గదా."

పగలబడి నవ్వాను. చైనావాళ్లది రాయి మీద పేరు చెక్కిన ముద్ర, ఎర్ర సిరాలో అద్ది వేస్తారు. మా కొండల్లో అయితే ఎవరు ఏ కాగితం తెచ్చినా బొటనవేలు అద్దించుకోవడమే కదా తరాలుగా జరిగింది. ముద్ర అనగానే అతనికి అదే తోచింది. సంతకం చేయడం వచ్చినవాడే, అక్షరాలు రాసి బతికేవాడే, అయినా వేలే పెట్టాడు. నవ్వు ఆగాక బొమ్మ మళ్లీ చూశాను. అన్ని ఆకుపచ్చల కింద ఆ ఒక్క ఎర్రమట్టి జేగురు చుక్క బొమ్మను బిగించి పట్టింది. అది తీసేస్తే కొమ్మ జారిపోయేట్టుంది.

"బాగుందిరా," అన్నాను. "ఉంచు."

ఔట్‌పోస్టులో

ఆ రోజుల్లో ఆ దారులు ఎలా ఉండేవో ఇప్పటివాళ్లకు తెలియదు. అడవిలో తుపాకులు పట్టినవాళ్లు ఒకవైపు, వాళ్లను వెతికే పోలీసులు ఒకవైపు. అడవిలోవాళ్లు చైనా నాయకుణ్ని తలుచుకునేవారు. అందువల్ల ఆ కొండల్లో చైనా అన్న మాటకు పిట్టలతోనూ పువ్వులతోనూ సంబంధం లేని అర్థం ఒకటి ఉండేది. బస్సులు ఆపి సంచులు వెతకడం మామూలు. ఒకరోజు దాసు సంచి వెతికారు. పుస్తకం దొరికింది. పక్కనే ఎర్రటి వేలిముద్ర ఉన్న కాగితం దొరికింది. బస్సు దింపి పోలీసు ఔట్‌పోస్టుకు తీసుకెళ్లారు.

బస్సు కండక్టరు పాడేరు వచ్చి నాకు చెప్పాడు. తిన్నగా పెద్దసారు దగ్గరికి వెళ్లి, దాసు మా ఆఫీసు మనిషేనని ఒక్క ముక్క రాసిమ్మన్నాను.

"రోజుకూలీ మనిషి. ఆఫీసుకేం సంబంధం?" అన్నాడాయన.

"గోడలన్నీ అతను రాసినవే సార్."

"గోడలు ఆఫీసువి. మనిషి ఆఫీసు మనిషి కాదు."

ఇన్నేళ్లలో నేను విన్న మాటల్లో ఇంత చెడ్డది ఇంకోటి లేదు. పేరు రాయను గానీ, ఆయన ఎక్కడైనా ఉండి ఇది చదివితే తనే అని తెలుసుకుంటాడు.

మర్నాడు పొద్దున్న జీపు పట్టుకుని వెళ్లాను. ఆ రోజుల్లో అలా దింపినవాళ్లు అందరూ త్వరగా ఇళ్లకు చేరేవారు కాదు. కొందరు చాలా కాలం చేరలేదు. దారంతా నా బుర్రలో అదే.

ఔట్‌పోస్టు ముందు కంచె పక్కన మార్తమ్మ కూర్చుని ఉంది. అంబలి సత్తుగిన్నె పక్కన పెట్టుకుంది, మూత తియ్యలేదు. నన్ను చూసి లేవలేదు.

"ఒచ్చినారా మేష్టారూ. సీనా పిట్టలు నేర్పినారు గదా. ఇప్పుడు ఈ పంజరం తలుపు మీరే తియ్యాల."

"తీస్తానమ్మా."

"ఏటి తీత్తారు, మీ మొకం సూత్తే మీరే బయిపడిపోతన్నారు," అంది. నిజమే.

ఎస్సై మైదానం నుంచి వచ్చిన మనిషి, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. అరవలేదు, కొట్టలేదు. కుర్చీ చూపించాడు. దాసు వరండాలో స్తంభానికి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

"ఇదేమిటి?"

"గోరింక సార్."

"పిట్ట సంగతి నాకూ తెలుసు. పక్కన ఈ రాతేమిటి?"

"వేసినవాడి పేరు, ఎవరి కోసం వేశాడో, అలాంటివి రాసుకుంటారు సార్."

"నువ్వు చదివావా?"

"చదవలేను సార్. కింద ఇంగ్లీషులో ఉంది."

"ఇంగ్లీషులో రాసినవాడు నిజమే రాశాడని నీకెలా తెలుసు?"

ఎస్సై దాసు వేసిన కాగితం పైకి తీశాడు. "మరి ఇది? సంతకం వచ్చినవాడు వేలిముద్ర ఎందుకు వేస్తాడు? ఏం ప్రమాణం ఇది?"

వెనకాల నిలబడ్డ హెడ్డు కానిస్టేబులు, విజయనగరం వైపు మనిషి, అందుకున్నాడు. "అడివిలో సేరినోల్లు నెత్తుటితో ఏలు ముద్దర ఎడతారని ఇన్నాను సార్."

"నెత్తురు కాదండీ, జేగురు," అన్నాను. "నెత్తురైతే ఈపాటికి నల్లబడిపోవాలి. ఇది ఇంకా ఎర్రగానే ఉంది చూడండి."

ఎస్సై వేలితో రుద్దాడు, వాసన చూశాడు. అక్కడి నుంచి ఆయన గొంతులో పోలీసుతనం కాస్త తగ్గి, తెలుసుకోవాలన్న ఆత్రం మొదలైంది. చైనావాళ్ల ముద్ర సంగతి చెప్పాను. వాళ్లు బయటి దేశాల నుంచి ఏం తెచ్చుకున్నారో, ఏం వదులుకున్నారో, తడి సున్నం, కాఫీ పువ్వు, అన్నీ చెప్పాను. భయంతో మొదలుపెట్టి చెబుతూ చెబుతూ భయం మరిచిపోయాను. ఆయన మధ్యలో ఆపి, "అంటే వాళ్లదీ పూర్తిగా వాళ్లది కాదన్నమాట," అన్నాడు.

"ఎవరిదీ పూర్తిగా వాళ్లది కాదు సార్."

"మాటలు బాగున్నాయి. వెయ్యమను, చూద్దాం."

నా సంచిలో కాగితం, బ్రష్షులు, రంగులు ఎప్పుడూ ఉండేవి. దాసు వరండాలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కానిస్టేబుళ్లు చుట్టూ మూగారు. కంచె అవతల మార్తమ్మ లేచి నిలబడింది.

"పిట్ట కోడిలాగ రాకండా సూడొరే," అన్నాడొక కానిస్టేబులు.

"కోడైతే కూరొండుకుందుం," అన్నాడు ఇంకొకడు.

దాసు బ్రష్షు తడిపాడు. కొమ్మ ముందు వేశాడు. రాత్రంతా నిద్రలేని చెయ్యి, కొంచెం వణికింది. తరవాత మసి నింపిన కుంచె వాల్చి తల, మెడ, వీపు. పక్కకు పడుకోబెట్టి లాగి రెక్క. తోక లాగేటప్పుడు బ్రష్షులో నీరు ఎక్కువై కాస్త పాకింది. ఆకుల్లో సున్నపుతేట చుక్కలు వదిలాడు, అవి విచ్చుకుని వెలుగయ్యాయి. కోడి అన్నవాడు వంగి, "ఓలమ్మ!" అన్నాడు. చివరికి చెవి దగ్గర పసుపు. మా కొండల గోరింక.

ఎస్సై స్టాంపు ప్యాడు తెప్పించి ముందు పెట్టాడు. "ఇప్పుడు ముద్ర వెయ్యి. ఆ కాగితం మీది దాంతో పోల్చి చూస్తాను. రెండూ కలిసి, బొమ్మ చివర వేసే ముద్రేనని తేలితే ఇంటికి పో."

దాసు ప్యాడు చూశాడు, బొమ్మ చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎయ్యను సార్."

ఎస్సై ముఖం మారింది. "కలుస్తుందని భయమా?"

"కలుత్తాది సార్. అది నాదేనని రేతిరే సెప్పినాను గదా."

"మరి?"

"ఇది కుదరనేదు సార్. కొమ్మ వనికిపోనాది. తోకలో నీరెక్కువైపోనాది, సూడండి. దీనికి ఏలెట్టను."

హెడ్డు నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నీ తస్సదియ్య! బతుకు మీదికొత్తే తోకేట్రా నీకు! ఎట్టొరే!"

"వెయ్యరా దాసూ," అన్నాను నేను కూడా. కంచె అవతల నుంచి మార్తమ్మ మాత్రం నోరు ఎత్తలేదు. అంత నోరున్న మనిషి, చూస్తూ నిలబడింది.

చూడండి, ఆ కొండల్లో నేను ఎన్నో ఏళ్లు తిరిగాను. ఆఫీసరు వేలు పెట్టి ఎక్కడ చూపిస్తే అక్కడ బొటనవేలు అద్దిన మనుషుల్నే చూశాను. ఏముందో చదవకుండా, ఎందుకో అడగకుండా. ముద్ర వెయ్యనన్న మనిషిని మొదటిసారి అప్పుడే చూశాను. అదీ తనను వదిలేయడానికి అడిగిన ముద్ర.

ఎస్సై బొమ్మను తన వైపు తిప్పుకున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. తోకను దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పట్టి చూశాడు. మేం అందరం ఆయన వీపు చూస్తూ నిలబడ్డాం.

"నిజమే," అన్నాడు. "నీరెక్కువైంది."

మళ్లీ బల్ల దగ్గరికి వచ్చి అడిగాడు. "ఎక్కడైతే కుదురుతుంది?"

"ఇంటికెల్తే కుదురుతాది సార్."

హెడ్డు ముందు నవ్వాడు. తరవాత ఎస్సై నవ్వాడు. "కుదిరినప్పుడు నాకొకటి తెచ్చి ఇవ్వు. ముద్ర వేసి. పో."

పుస్తకం మాత్రం ఇవ్వలేదు. అది తన పైవాళ్లకు చూపించాలన్నాడు. ఎవరికి చూపించారో, ఏ బీరువాలో చెదలు తిన్నదో, మళ్లీ నా కంట పడలేదు. దాని మీద కోపం నాకు ఇంకా అలాగే ఉంది. ఒక మంచి మాట మాత్రం ఒప్పుకోవాలి. చూసి వేయడానికి పుస్తకం లేకపోయేసరికి దాసు ఎదురుగా కనబడే గోరింకల్నే వేశాడు. అవి తిరిగే ఆకులు, అవి తినే పళ్లు, వానలో అవి మెడ లోపలికి లాక్కునే తీరు. చైనావాళ్ల చెయ్యి అతని చేతిలో ఉండిపోయింది, కళ్లు మాత్రం మళ్లీ మా కొండలవైపు తిరిగాయి.

తరవాత

ఎస్సై అడిగిన బొమ్మ దాసు వెంటనే ఇవ్వలేదు. వేశాడు, పక్కన పడేశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ పడేశాడు. నాకు భయం. "ఏదో ఒకటి ఇచ్చెయ్యరా, లేకపోతే మళ్లీ వస్తారు," అని వెళ్లినప్పుడల్లా పోరాను.

"ఒత్తే ఒత్తారు. కుదరకండా ఏటిత్తాను?" అనేవాడు.

మార్తమ్మ చోళ్లు చెరుగుతూ, "సెప్పండి మేష్టారూ, సెప్పండి. నాను సెప్పి సెప్పి అలిసిపోనాను. పిట్ట కుదిరీసరికి మాకు మనవలు పుడతారు," అనేది.

కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో ఒకనాడు వెళ్లేసరికి దాసు ఇంట్లో లేడు. బొమ్మ కుదిరిందనీ, వేలు పెట్టాడనీ, గుడ్డలో చుట్టుకుని నడిచే వెళ్లాడనీ మార్తమ్మ చెప్పింది. బస్సు దింపి తనను ఎక్కడికి తీసుకెళ్లారో అక్కడికి, తనంతట తను, ఒక్కడూ.

వీధిలో రాయి మీద కూర్చున్నాను. సాయంత్రానికి దాసు వచ్చాడు. చంకలో గుడ్డ మూట అలాగే ఉంది.

"ఏరా? తీసుకోలేదా?"

"ఆ సారు నేరు మేష్టారూ. బదిలీ అయిపోనారట. కొత్తాయనొచ్చినారు."

"కొత్తాయనకే ఇచ్చి రావలసింది కదరా. స్టేషనుతో మంచిగా ఉండేవాళ్లం."

దాసు మూట విప్పాడు. వానకు తడిసిన గోరింక, మెడ లోపలికి లాక్కుని, తెల్లటి కాఫీ పువ్వుల మధ్య. తోక ఒక్క వేటులో దిగింది. మూల జేగురు వేలు. వెలుతురు కోసం దాన్ని గుమ్మం వైపు తిప్పి, చాలాసేపు తనే చూసుకున్నాడు.

"ఆ సారుకి తోక తెలుసు," అన్నాడు. "ఈయనకి తెలుసో నేదో."